ఉడతకి కుర్చీ

ఆసుపత్రి, తోటవైపు వార్డు

వదినకి,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కాసేపు కూర్చుంటే నడుము పట్టేస్తోంది, అందుకని కిటికీ గట్టునే బల్ల చేసుకున్నాను. బళ్లో అల్లరి చేసిన పిల్లల్ని నిలబెట్టినదాన్ని కదా, ఇప్పుడు నా వంతు వచ్చింది.

మంచి కబురు ముందు చెప్పేస్తాను. ఈ నెలాఖరుకి నన్ను ఇంటికి పంపించేస్తారట. ఊతకర్ర లేకుండా వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నాను. వ్యాయామం చేయించే అమ్మాయి నా వెనకే చేతులు చాపుకుని వస్తుంది, నేనేదో గట్టు మీంచి పడబోయే పూలకుండీని అయినట్టు. పిల్లలు వేసిన బొమ్మలు గోడకి తగిలిస్తూ స్టూలు మీంచి జారిన రోజున నా చంటిది, మన ఉడత, ఇంకా బోర్లా పడడం నేర్చుకుంటోంది. ఇప్పుడది మీ ఇంట్లో పరిగెడుతోందని మీ తమ్ముడు చెబుతున్నారు. మధ్యలో కూర్చోవడం, పాకడం, పట్టుకుని లేవడం అన్నీ నేను లేకుండానే జరిగిపోయాయి. సినిమా మొదలు చూసి నిద్రపోయి, చివర్లో లేచినట్టుంది నాకు.

ఫోను చేయమని మీరంటారు గానీ, దాని గొంతు వింటే నాకు మాట రాదు. నా గొంతు వింటే అది ఫోను నాకుతుంది. మన ఇద్దరికీ ఉత్తరాలే నయం.

ఇక అసలు సంగతి. ఉడత ఇంటికి వచ్చేసరికి దానికో కుర్చీ ఉండాలి. మాతోపాటు బల్ల దగ్గర కూర్చుని తినడానికి. మిగతా ఏర్పాట్లన్నీ మీ తమ్ముడు చూసుకుంటానన్నారు, కుర్చీ మాత్రం నేనే ఎంచుతానని చెప్పాను. ఇన్నాళ్లూ దానికి నేను ఒక్క గౌను కొనలేదు. అన్నీ మీరే కుట్టారు. ఈ ఒక్కటీ నాకు వదిలేయండి.

టేపు చేతిలో ఉన్నవారు కాబట్టి కొలతలు పంపండి. మోకాలి నుంచి మడమ దాకా ఎంత, నడుము చుట్టు ఎంత, కూర్చున్నప్పుడు చంకలు ఎంత ఎత్తులో ఉంటాయి. పాదాలు గాల్లో వేలాడకుండా దేనికైనా ఆనాలట, లేకపోతే పిల్లలు కుదురుగా తినరట. ఇక్కడి నర్సు చెప్పింది.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి. ఉడతకి ఏం చెప్పాలో మీకే వదిలేస్తున్నాను.

మీ మరదలు


కుట్టుకొట్టు, మధ్యాహ్నం

మరదలు పిల్లకి ఆశీస్సులు,

నువ్వు ఇంటికొస్తున్నావని చదవగానే మిషను ఆపేసి మీ అన్నయ్య దుకాణానికి పరిగెత్తాను. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో గడియారం విప్పి కూర్చున్నారు. చెప్పగానే తలెత్తారు, భూతద్దం తీయలేదు. ఆ ఒక్క పెద్ద కన్నులోనే నీళ్లు కనిపించాయి.

కొలతల సంగతి విను. బడి బడంతటికీ యూనిఫారాలు కుట్టినదాన్ని, నీ కూతురి ఒక్క కాలు కొలవలేక ఓడిపోయాను. టేపు కనిపిస్తే చాలు, నోట్లో పెట్టుకుంటుంది. చివరికి మీ అన్నయ్య దాని చెవి దగ్గర గడియారం పెట్టి టిక్కుటిక్కు వినిపిస్తుంటే బొమ్మలా కూర్చుంది, అప్పుడు కొలిచాను. మోకాలి నుంచి మడమకి నా జానెడుకి రెండు వేళ్లు తక్కువ. అంకెలు కావాలంటే కాగితం వెనక రాశాను. నడుము చుట్టు మాత్రం తినకముందు ఒకటి, తిన్నాక ఒకటి. ఏది కావాలో నువ్వే చెప్పు.

ఇప్పుడెలా తింటోందంటావా? నా కటింగ్ బల్ల పక్కన మామూలు కుర్చీలో రెండు దిళ్లు వేసి, నడుముకి పాత దుప్పటి ముక్క కట్టి కూర్చోబెడుతున్నాను. అరటిపండు పిడికిట్లో పిసికి, వేళ్ల సందుల్లోంచి వచ్చింది తింటుంది. ఉడికించిన బఠాణీలు ఒక్కొక్కటే కింద పడేసి ‘పోయ్’ అంటుంది. మాటలు వస్తున్నాయి. కాకిని ‘కాక’ అంటుంది. లైటు వేస్తే ‘అబ్బో’ అంటుంది. మీ అన్నయ్యని ‘మామా’ అని గట్టిగా పిలుస్తుంది. ఆయన అప్పట్నుంచీ నేల మీద నడవడం లేదు.

నిన్న కొట్టు తొందరగా కట్టేసి పెద్ద వీధిలో సామాన్ల దుకాణానికి వెళ్లాం. అక్కడొక టేకు కుర్చీ ఉంది. భోజనాల బల్ల ఎత్తుకి సరిగ్గా వస్తుంది. ముందర పళ్లెంలాంటి పలక, లాగితే వచ్చేస్తుంది, కడుక్కోవచ్చు. జారిపోకుండా కాళ్ల మధ్య నుంచి పట్టీ. పాదాలు ఆనడానికి అడ్డుచెక్క, పిల్ల పెరిగేకొద్దీ కిందికి దించుకోవచ్చు. అందులో పెట్టగానే నీ కూతురు జడ్జిగారిలా అందరినీ ఒకసారి చూసింది. ‘ఎత్తి కూర్చోబెట్టడం, ఎత్తి దించడం, ఇంకేం పని లేదండీ’ అన్నాడు దుకాణం ఆయన.

నాకు నచ్చింది. నువ్వు ఊఁ అను.

నీ వదిన


ఆసుపత్రి, తోటవైపు వార్డు

వదినకి,

కొలతల కాగితం దిండు కింద పెట్టుకున్నాను. దాని ప్రకారం ఉడత బొమ్మ వేశాను. తల ఎంత ఉంటుందో మీరు రాయలేదు, అందుకని తల ఊహించి వేశాను.

టేకు కుర్చీ బాగుందని మీరు చెప్పిన తీరులోనే తెలుస్తోంది. కానీ వద్దు వదినా. మా వంటింట్లో అంత వెడల్పుది పెడితే మనం గోడకి అంటుకుని నడవాలి. పైగా ముదురు రంగు. మీ తమ్ముడు ఇక్కడ రెండు మూడు దుకాణాలు తిరిగారు. మడతపెట్టే ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చూశారు, దాని కాళ్లు కొంగ కాళ్లలా ఉన్నాయట, వద్దన్నాను. భోజనాల బల్ల అంచుకి బిగించే కుర్చీ ఒకటుందట. పిల్ల గాల్లో వేలాడుతుంది, మా బల్ల చూస్తే నాకంటే నీరసంగా ఉంది. అదీ వద్దన్నాను. ‘నీకు కావలసింది కుర్చీయా, సింహాసనమా’ అని విసుక్కుని డ్యూటీకి వెళ్లారు. గూడ్సు బండి గార్డుకి విసుగు రావడం అరుదు, మీకు తెలుసు కదా.

మీరు రాసిన మాటల్లో ఒకటి కనపడలేదు. ‘అమ్మ’ అనడం లేదా? అందరు పిల్లలకీ ముందు అదే వస్తుందంటారు. నా ఫొటో చూపిస్తున్నారు కదా? అనకపోయినా పర్వాలేదు. ఊరికే అడిగాను.

మీ మరదలు


కుట్టుకొట్టు

మరదలు పిల్లకి,

నీతో పెళ్లిచూపులకి వెళ్లినట్టుంది నాకు. పిల్లాడు పొడుగైతే పొడుగంటావు, సన్నమైతే సన్నమంటావు.

రాత్రి మీ అన్నయ్యా నేనూ మాట్లాడుకున్నాం. ‘స్టూలు మీంచి పడిన మనిషి, పిల్లని ఎత్తులో కూర్చోబెట్టాలంటే భయపడదా’ అన్నారాయన. నిజమే, నాకు తట్టలేదు. అందుకని ఇవాళ మళ్లీ వెళ్లి నేలబారుగా ఉండే కుర్చీలు చూశాను. ఒకటి చాలా ముద్దుగా ఉంది. మోకాలంత ఎత్తు, లేత రంగు, చుట్టూ దిండులాంటి మెత్త, ముందర చిన్న పలక. అందులోంచి పడినా దెబ్బ తగలదు. నీ ఎదురుగా నేల మీద పెట్టుకుని తినిపించుకోవచ్చు. వంటింట్లో ఒక మూల సరిపోతుంది. దానికైతే నీకే అభ్యంతరమూ ఉండదు.

నీ కూతురికి కొత్త విద్య వచ్చింది. నేను కాజాలు కుడుతుంటే కత్తిరించిన దారప్పోగులు ఏరి తన పొట్ట మీద అంటించుకుంటుంది. నిన్న వచ్చిన బేరం ఆవిడ అది చూసి, పొట్టకి ఎంబ్రాయిడరీ ఎంత తీసుకుంటారని అడిగింది.

మాటలదేముంది, వాటంతటవే వస్తాయి. నువ్వు బెంగ పెట్టుకోకు, బెంగతో నడుము నొప్పి ఎక్కువవుతుంది. ఇంటికి చేరగానే రాయి.

నీ వదిన


ఇల్లు, రైలు గేటు పక్క వీధి

వదినకి,

ఇంటికి చేరాను. గుమ్మం దగ్గర మీ తమ్ముడు చెయ్యి అందించబోతే వద్దని నేనే మెట్లెక్కాను. ఎక్కాక ఆయన భుజమే పట్టుకున్నాను, అది వేరే సంగతి.

ఇల్లు చక్కగా ఉంచారు. నాకు అందేటట్టు సామాన్లన్నీ నడుమెత్తు అరల్లోకి మార్చారు. పై అరలు, కింది అరలు ఖాళీ. వంటిల్లు కడుపునిండా తినని మనిషిలా ఉంది.

పొట్టి కుర్చీ కూడా వద్దు వదినా. నేల మీద దుమ్ము ఉంటుంది, చలి ఉంటుంది. అందరం బల్ల దగ్గర తింటుంటే అదొక్కతీ కింద ఎందుకు? ఇంకా చూద్దాం, తొందరేం లేదు.

ఆయన రేపు సెలవు పెట్టి ఉడతని చూడ్డానికి మీ ఊరు వస్తున్నారు. నాకు ఇంకా అంత దూరం ప్రయాణం వద్దన్నారు.

మీ మరదలు


ఇల్లు

వదినగారికి,

మీ తమ్ముడు నిన్న సాయంత్రం తిరిగి వచ్చారు. ఉడత సంగతులన్నీ చెప్పించుకున్నాను. ఆయన గిన్నెలు కడుగుతూ చెప్పారు. ఎలా పరిగెడుతుందో, ఎలా పడుతుందో, మామయ్య భూతద్దం ఎలా లాగేస్తుందో. ‘అక్కని అమ్మా అని పిలుస్తోంది, భలే నవ్వొచ్చింది’ అన్నారు. అన్నాక వెనక్కి తిరిగి నన్ను చూశారు. కడిగిన గిన్నెనే చాలాసేపు కడిగారు.

కాకి గురించి రాశారు. లైటు గురించి రాశారు. బఠాణీలు కింద పడేస్తే ఏమంటుందో రాశారు. నేను అడిగినదానికి మాత్రం ‘మాటలదేముంది’ అని రాశారు.

మీరు నా పిల్లని కంటికి రెప్పలా చూశారు. అది నేను ఏ జన్మకీ మర్చిపోను. కానీ ఇక చాలు. వచ్చే ఆదివారం మీ తమ్ముడు వస్తారు. ఉడతని ఆయనతో పంపించండి. కొట్టు వదిలి మీరు శ్రమపడి రానక్కర్లేదు. కుర్చీ కోసం కూడా ఇక వెతకవద్దు.

ఇట్లు


కుట్టుకొట్టు

మరదలికి,

నువ్వు ‘గారు’ తగిలించిన ఉత్తరం అందింది. మన ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు కూడా నన్నలా అనలేదు. కోపం న్యాయమైనదే, కాదనను.

ఎలా జరిగిందో చెబుతాను. నువ్వు తోటవైపు వార్డులోకి మారిన రోజుల్లో అనుకుంటా. నేను మిషను మీద ఉన్నాను. వెనకనుంచి ‘అమ్మా’ అని వినపడింది. ‘ఏం నాన్నా’ అన్నాను, తల తిప్పకుండానే. మా వాడు చిన్నప్పట్నుంచీ ఉద్యోగానికి వెళ్లేదాకా రోజుకి వందసార్లు అలా పిలిచాడు. ఆ పిలుపు వింటే నా నోరు నన్ను అడక్కుండానే పలుకుతుంది. పలికాక తిరిగి చూస్తే, గడ్డం పెంచిన మా వాడు కాదు, దారప్పోగులు అంటించుకుని నీ కూతురు.

ఒకసారి పలికితే చాలు కదా, పిల్లలు పట్టేసుకుంటారు. ‘అత్త అనమ్మా’ అని నేర్పాను. ‘అత్త’ అంటుంది, నవ్వుతుంది, మళ్లీ ‘అమ్మా’ అంటుంది. నీ ఫొటో చూపించి ఎవరని అడిగితే ‘పాప’ అంటుంది. ఆసుపత్రిలో నడక నేర్చుకుంటున్న నీకు ఇవన్నీ ఎలా రాయను? రేపు మానేస్తుంది, ఎల్లుండి మానేస్తుంది అనుకుంటూ పోయాను. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. అది అలా పిలుస్తుంటే నాకు బాగుండేది. అందుకే రాయలేదేమో కూడా.

పిల్ల బట్టలు సర్ది ఉంచాను. ఆదివారం తమ్ముడు వస్తే పంపిస్తాను. నీ పిల్ల. అందులో రెండో మాట లేదు.

కానీ నేను దాచానన్నావు. నువ్వేం దాచావో కూడా చెప్పు. కుట్టుపని చేసేదాన్ని, ముక్కలు పక్కపక్కన పరిస్తే ఏ బట్టలోవో తెలుస్తుంది. ఎత్తు కుర్చీ వద్దన్నావు, రంగు బాలేదన్నావు. బల్లకి బిగించేది వద్దన్నావు. భయమేమో అనుకుని పొట్టి కుర్చీ చూపిస్తే దుమ్మన్నావు. మా ఇంటికొచ్చిన ప్రతిసారీ నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసేదానివి, నీకు దుమ్మేంటి? ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాలంటే పిల్లని ఎత్తాలి. పొట్టి కుర్చీలో ఉన్న పిల్లకి తినిపించాలంటే వంగాలి.

తమ్ముణ్ణి ఫోన్లో అడిగాను. ‘దాన్నే అడుగు అక్కా’ అన్నాడు. చిన్నప్పట్నుంచీ అంతే, అబద్ధం చెప్పలేనప్పుడు ఇంకొకళ్ల పేరు చెబుతాడు.

అందుకే నిన్నే అడుగుతున్నాను.

నీ వదిన


ఇల్లు

వదినకి,

ఎత్తకూడదు. వంగకూడదు. నీళ్లు నిండిన చిన్న బకెట్టు కూడా ఎత్తకూడదు, ఇక పరిగెత్తే పిల్లనేం ఎత్తుతాను. ఎన్నాళ్లని అడిగాను. ‘చూద్దామమ్మా’ అన్నారు డాక్టరు. ఆ ‘చూద్దాం’ ఎలాంటిదో నాకు తెలుసు. బళ్లో బొమ్మలు రాని పిల్లల అమ్మానాన్నలతో నేను అనేది కూడా అదే మాట.

మీకెందుకు చెప్పలేదంటే, చెబితే మీరు ఒకే ఒక్క మాట అంటారనుకున్నాను. ‘అయితే పిల్లని ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండనీ’ అని. మీరు అది ప్రేమతోనే అంటారు. దానికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎత్తుకోలేని తల్లి దగ్గర పిల్లేం చేస్తుంది? అందుకే అన్నీ ముందే సిద్ధం చేసేసి, ‘చూశారా, అంతా బాగానే ఉంది’ అని చూపిద్దామనుకున్నాను.

స్నానం, నిద్రపుచ్చడం మీ తమ్ముడు చూసుకుంటారు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు పక్కింటి పెద్దావిడ వస్తానంది. ఇంక నాకు మిగిలింది అన్నం పెట్టడం ఒక్కటే. అదన్నా నేను చేయాలి వదినా. దాని కోసమే ఇంత గొడవ. మీరు పంపిన కొలతలతో ఎన్ని కుర్చీల బొమ్మలు వేశానో. ప్రతిదానిలోనూ ఉడత కూర్చుని ఉంటుంది. అది అందులోకి ఎలా వచ్చిందో మాత్రం వేయలేకపోయాను.

ఆదివారం ఆయన్ని పంపడం లేదు. ఉడత వచ్చి, నా ముందు నిలబడి, ఎత్తుకోమని చేతులు చాపితే ఏం చేయాలో నాకు తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి.

మీ మరదలు


కుట్టుకొట్టు, ఉదయం

మరదలు పిల్లా,

పిల్ల ఇక్కడే ఉండాలని నేను అనను. రాత్రంతా ఆ మాట నా నాలుక చివర ఉంది, అబద్ధమెందుకు. పొద్దున్న లేచి మింగేశాను.

చేతులు చాపితే ఏం చేయాలని కదా అడిగావు. సోఫాలో కూర్చో. ‘ఎక్కు’ అను. దాన్ని నువ్వు ఎత్తుకోలేవు గానీ అది నీ మీదకి ఎక్కగలదు. ఊరికే ఉడత అని పేరు పెట్టామా? మా ఇంట్లో అది ఎక్కనిది గోడ ఒక్కటే.

ఈ మాట రాస్తుంటేనే నాకు బుద్ధి వెలిగింది. కాగితం వదిలేసి పిల్లని తీసుకుని దుకాణానికి వెళ్లాను. ‘కుర్చీలో పిల్లని పెట్టకూడదు, పిల్లే కుర్చీ ఎక్కాలి, అలాంటిది ఉందా’ అని అడిగాను. దుకాణం ఆయన నన్నొక చూపు చూశాడు. ‘ఇన్నాళ్లూ రంగులు చెప్పారు, ముందే ఇది చెప్పి ఉంటే సరిపోయేది కదమ్మా’ అన్నాడు. లోపలి గదిలోంచి ఒకటి తెచ్చాడు. బల్ల ఎత్తుదే. ముందర వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు. పై మెట్టే పాదాలు ఆనే చెక్క. కూర్చున్నాక పక్కనుంచి పలక తిప్పి బిగించాలి, నడుముకి పట్టీ పెట్టాలి. రెండూ నిలబడి ఒక్క చేత్తో చేసే పనులు. నేను చేసి చూశాను, నడుము వంచకుండా. మీ అన్నయ్య వచ్చి వెనక కమ్మీ పట్టుకుని వేలాడినంత పని చేశారు. కాళ్లు వెడల్పుగా ఉన్నాయి, కుర్చీ వెనక్కి తూగలేదు. దుకాణం ఆయనే ‘చాలండీ’ అన్నాడు.

నీ కూతురు మొదటిసారి మెట్టెక్కి, మనకి వీపు చూపించి నిలబడింది. ఎలా తిరగాలో తెలియలేదు. ఏడిచింది. చెయ్యి అందించబోతే తోసేసింది. అచ్చం గుమ్మం దగ్గర నీలాగే. రెండోసారి కమ్మీ పట్టుకుని కాస్త తిరిగి, ధబ్బుమని కూర్చుంది. కూర్చుని ‘అబ్బో’ అంది. దుకాణంలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వెనక ఒక చెయ్యి మాత్రం ఉంచాలి, అది మర్చిపోకు.

రంగు లేతదే. కానీ కొనలేదు. ఎంచేది నువ్వు కదా. నువ్వు సరేనంటే కొంటాను.

ఇంకో సంగతి. నన్ను రావద్దన్నావు గానీ, నాకు రావాలని ఉంది. కొట్టు కొన్నాళ్లు మూస్తాను. వస్తే మీ ఇంట్లో నేనూ దాన్ని ఎత్తుకోను. ఎంత ఏడ్చినా సరే. ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు ఎత్తుకుని ఒకరు ఎత్తుకోకపోతే అది ఎవరి దగ్గరకి పోతుందో నాకు తెలుసు. ఇద్దరమూ ఎత్తుకోకపోతే, ఈ ఇంట్లో ఇంతే కాబోలు అనుకుంటుంది. ఈపాటికే ఇక్కడ మొదలుపెట్టాను. నా చేతులు నా మాట వినడం లేదు, వెనక్కి కట్టుకుంటున్నాను.

నీ వదిన


ఇల్లు

వదినా,

కుర్చీ కొనేయండి. మీరూ రండి. ఆ ‘గారు’ తగిలించి రాసిన ఉత్తరం ఉంటే చింపేయండి.

మీ మరదలు


ఇల్లు

వదినకి,

ఉడతనీ కుర్చీనీ తెచ్చి, కొన్నాళ్లు మాతో ఉండి మీరు వెళ్లి వారం దాటింది. క్షేమంగా చేరారని ఆయన చెప్పారు. నేను వెంటనే రాయలేదు, రాయడానికి మంచి కబురేమీ లేకపోయింది.

మీ బండి కదిలాక ఉడత గుమ్మంలోనే నిలబడింది. రోడ్డు వైపు చూసి ‘అమ్మా’ అని పిలిచింది. నేను వెనక నిలబడి ఉన్నాను. ఆ పిలుపు నాది కాదని తెలిసి కూడా ‘ఊఁ’ అన్నాను. అది తిరిగి నన్ను చూసింది, ‘నిన్ను కాదు’ అన్నట్టు. మళ్లీ రోడ్డు వైపు తిరిగింది. నాకు కోపం రాలేదు వదినా. మీరు ఇక్కడున్న రోజుల్లో అది కాళ్లు పట్టుకుని ఏడుస్తుంటే మీరు చేతులు వెనక్కి కట్టుకుని, గోడ వైపు చూస్తూ నిలబడడం నేను చూశాను. మీరు వెళ్లాక వంటింట్లో తువ్వాలు తీస్తే తడిగా ఉంది.

మొదటి రెండు రోజులూ నా చేత్తో ఏదీ తినలేదు. కుర్చీ ఎక్కుతుంది, కూర్చుంటుంది, ముద్ద పెడితే పెదాలు బిగిస్తుంది. మీ తమ్ముడు పెడితే తిన్నది. ఆయన డ్యూటీకి వెళ్లారు. ఇంక ఇద్దరమే. బతిమాలడం మానేసి నా కంచం కూడా దాని పక్కన పెట్టుకుని నేను తినడం మొదలుపెట్టాను, దానివైపు చూడకుండా. కాసేపటికి ఒక చిన్న చెయ్యి నా కంచంలోకి వచ్చింది. బంగాళదుంప ముక్క తీసుకుని వెళ్లింది. నేను చూడలేదు. మళ్లీ వచ్చింది. దాని పలక మీదున్నది కూడా అదే దుంప, ఒక్కటీ ముట్టుకోలేదు. నా కంచం సగం ఖాళీ చేసింది. ఆ రోజు నుంచి అలాగే తింటున్నాం. దాని పలక మీద పెట్టింది నేను తింటాను, నా కంచంలోది అది తింటుంది.

సోఫాలో కూర్చుంటే ఎక్కుతోంది. మొదట నా గౌను బొత్తాం కోసం ఎక్కింది. నిన్న ఏ పనీ లేకుండా ఊరికే ఎక్కి కూర్చుంది. నిద్రపోయింది కూడా. నడుము నొప్పి పెట్టినా కదల్లేదు. డాక్టరుకి చెప్పకండి.

ఇప్పుడు అసలు కబురు. మీరు ఇక్కడున్నన్నాళ్లూ నేను పొద్దున లేచిన దగ్గర్నుంచి ‘వదినా తువ్వాలేదీ, వదినా పాలు పొంగుతున్నాయి, వదినా ఇటు రండి’ అని అరుస్తూనే ఉన్నాను కదా. ఇవాళ పొద్దున్న ఉడత కుర్చీలో కూర్చుని గుమ్మం వైపు చూసి గట్టిగా పిలిచింది. ‘దినా!’ అని. మాకు ముందు అర్థం కాలేదు. మీరు పడుకున్న గది తలుపు చూపించి మళ్లీ ‘దినా’ అంది. మీ తమ్ముడు నవ్వి నవ్వి కూలబడ్డారు. మీ ఫొటో తెచ్చి చూపిస్తే వేలు పెట్టి ‘దినా’ అంది. ఎన్నిసార్లు అడిగినా అదే.

మీ పదవి ఊడింది వదినా. రాయాలా వద్దా అని ఆలోచించాను. మీకు కష్టంగా ఉంటుందేమో. కానీ మనిద్దరం ఇక దాచుకోకూడదని రాస్తున్నాను.

నన్ను మాత్రం ఇంకా ఏమీ అని పిలవడం లేదు. కావలసి వస్తే వచ్చి నా గౌను పట్టుకుని లాగుతుంది.

మీ మరదలు


కుట్టుకొట్టు

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ‘దినా’ దగ్గర ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన గడియారాల్లో పడ్డారు, నేను మిషను తొక్కాను. సాయంత్రం చూసుకుంటే ఒకే చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను. అంతకంటే దాచేదేమీ లేదు.

రాత్రి పక్క మీద ఆయనే అన్నారు. ‘వదినా అనేది ఎవరు నేర్పారే దానికి?’ అని. ఆలోచించాను. మా ఇంట్లో ఆ మాట అనేవాళ్లు ఎవరూ లేరు. మీ అన్నయ్య అనరు. మా వాడు అనడు. కొట్టుకొచ్చే వాళ్లు అమ్మా అంటారు, ఆంటీ అంటారు. మా తమ్ముడు అక్కా అంటాడు. నన్ను వదినా అని పిలిచేది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే.

అంటే అది నీ నోట్లోంచి తీసుకున్న మాట. నీవైపు చూడడం లేదని, నా కాళ్లే పట్టుకుని ఏడుస్తోందని నువ్వు కుమిలిపోతున్న రోజుల్లో అది నిన్నే వింటూ కూర్చుంది. నీ కంచంలోంచి దుంప తీసుకున్నట్టే.

‘అమ్మ’ అనే మాట దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. అది దానికి వచ్చు. ఎవరికి వాడాలో చూసుకుంటోంది, అంతే. చూసుకోనీ. నువ్వు మాత్రం నన్ను గట్టిగా పిలుస్తూ ఉండు, వినపడేటట్టు.

నా మరదళ్లిద్దరికీ ఆశీస్సులతో,

దిన